తొమ్మిదో పేజీ

బెంగళూరు,
25-11-2001, ఆదివారం.

కట్నీలో ఉన్న నా భర్త బాలరాజు గారికి,

ప్రభువు పేరిట వందనాలు. మీ భార్య మార్త మంచి కోపంలో ఉండి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను. ఉత్తరమన్నాక ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. అత్తమ్మ క్షేమమే, హరిణి క్షేమమే. నేను ఎలా ఉన్నానో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. సగంలో మడిచి జేబులో పెట్టుకోకండి.

మీరు అడిగిన వాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే ఈ కోపంలో మరిచిపోతాను. అత్తమ్మ కంటికి కట్టు విప్పారు. విప్పగానే నా ముఖం కేసి చూసి, "ఏమే మార్తా, ఇంత ముసిల్దాని మాదిరి అయిపోయినావేమే" అంది. చూపు వచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ మాటకు మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. హరిణికి మొన్నటి పరీక్షల్లో లెక్కల్లో ఎనభై రెండు వచ్చాయి. వంటింటి కప్పు కారడం మానింది. మీ ఊదారంగు స్వెటర్ మీ దగ్గరున్న పెట్టె అడుగునే ఉంది. చలి ఇంకా ముదరలేదులే అని ఫిబ్రవరి దాకా దాచకుండా తీసి వేసుకోండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "ఆ టూల్ ఏమిటి, దానికి నువ్వు పుస్తకం రాయడమేమిటి, రాసి ఇచ్చేస్తే అయిపోయేదానికి అంత కోపమెందుకు, కాస్త సర్దుకుపో" అని రాశారు. మీ ఉత్తరాల్లో క్షేమం అనే మాట తర్వాత సర్దుకుపో అనే మాటే ఎక్కువ. అంత దూరంలో కూర్చుని సర్దుకుపొమ్మనడం సుళువే.

టూల్ అంటే ఏమిటని అత్తమ్మ కూడా అడిగింది. "మా బాలరాజు కాడ ఉండే పానా మాదిరిదా?" అంది. పానా కాదు, కంప్యూటరులో నడిచే ప్రోగ్రాం. పెద్ద పెద్ద కంపెనీల షేర్ల ధరలన్నీ కలిపి మార్కెట్టుకు ఒక అంకె కడతారు, దాన్ని సూచీ అంటారు. పొద్దున అది ఎంత దగ్గర మొదలైంది, ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, సాయంత్రం ఎంత దగ్గర ఆగింది, ఈ నాలుగు అంకెలూ రోజూ రిజిస్టరులో ఎక్కించడం పదకొండేళ్ళుగా చిక్కపేటలోని ఆ షేర్ల ఆఫీసులో నా పని. ఫోన్ చేసి కనుక్కోవాలి, ఇంకో చోట సరిచూసుకోవాలి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి గీత కలపాలి. పదకొండు రిజిస్టర్లు నింపాను. ఒక్క కొట్టివేత చూపించమనండి.

జూలైలో మా యజమాని పురుషోత్తం గారు రియాజ్ అనే అబ్బాయిని బయటి కంపెనీ నుంచి పిలిపించి ఈ టూల్ రాయించారు. రియాజ్‌ది కదిరి, ఇరవై ఆరేళ్ళుంటాయి, నన్ను అక్కా అంటాడు. సాయంత్రం అయిదు కాగానే కంప్యూటరు తనంతట తనే ఫోన్ కలుపుకుని, ఎక్స్చేంజి వాళ్ళ వెబ్‌సైటులోకి వెళ్ళి, ఆ నాలుగు అంకెలూ తెచ్చి పట్టికలో వేస్తుంది. నాకు ముప్పావు గంట పట్టే పని, దానికి మూడు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు ఫోన్ కలవడానికి కీచుమంటూ ఉంటుంది.

అప్పుడు పురుషోత్తం గారు నన్ను పిలిచారు. "మార్తమ్మా, నువ్వు పదకొండేండ్లుగా ఈ పని చేస్తా ఉండావు. నీకు తెలిసిందంతా ఆ పిల్లోనికి చెప్పు. మిషన్ ఎట్ల నడపాలో ఒక పుస్తకం గూడా నువ్వే రాసి పెట్టు. రేపు ఎవురొచ్చినా చూసుకుని చేసుకునేటట్ల ఉండాల" అన్నారు.

"మరి నా పనేమిటి సార్?" అన్నాను.

"జనవరి నుంచి ఇంట్లో హాయిగా ఉండు తల్లీ. కె.ఆర్.పురం నుంచి ఈ బస్సుల పాట్లు నీకు యాల?" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

పొమ్మనలేక పొగ పెట్టడం అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ పొగ కూడా నన్నే పెట్టుకోమన్నారు. మీ ఫ్యాక్టరీకి కొత్త మిషన్ వస్తే, దాని పుస్తకం నువ్వే రాసిపెట్టి ఇంటికి పోరా బాలరాజూ అంటే మీరు సర్దుకుపోతారా? ఫోర్‌మన్ నెత్తి మీద పానా విసరరూ?

అయినా రాశాను. చెత్తగా రాయడం నాకు చేతకాదు. మూడు నెలల్లో పద్నాలుగు పేజీలు. ఫోన్ మధ్యలో తెగిపోతే ఏం చేయాలి, అంకెల బదులు సున్నాలు వస్తే ఎందుకు నమ్మకూడదు, తేదీలో ముందు నెల వేసే చోట మూడో నెల నాలుగో తేదీని నాలుగో నెల మూడో తేదీ అనుకోకుండా ఎలా చూసుకోవాలి, అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. రియాజ్ ఒక్కో పేజీ చదివి, అర్థం కానిచోట పెన్సిలుతో గీత పెట్టి, మళ్ళీ అడిగి సరిచేసుకునేవాడు. చివరికి, "అక్కా, నేను రాసిన ప్రోగ్రాం కంటే మీరు రాసిన బుక్కే బాగుండాది. రేపు నేనూ మీరూ లేకపోయినా ఇది నడుస్తాది" అన్నాడు. ఆ మాటకు సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది.

ఇక దీపావళి సంగతి. ఇది మీకు తెలిసిందే. అయినా రాస్తాను, ఎందుకంటే తెలిసి కూడా మీరు ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు.

దీపావళి రోజు మార్కెట్టుకు సెలవు. కానీ సాయంత్రం లక్ష్మీపూజ వేళకు ఒక్క గంట మాత్రం తెరుస్తారు. ముహూర్తం ట్రేడింగ్ అంటారు. కొత్త సంవత్సరానికి శుభారంభమని ఆ గంటలో ఏదో ఒకటి కొంటారు. ఆ గంట చివర సూచీ ఆగిన అంకెను మా యజమాని కార్డు మీద అచ్చు వేయించి, నాలుగు మూలలా పసుపు పెట్టించి, నాలుగు వందల మంది ఖాతాదారులకు పంపుతారు. అది ఆయన తండ్రి నాటి ఆనవాయితీ. ఆ కార్డును దేవుడి పటం దగ్గర ఏడాదంతా ఉంచుకునేవాళ్ళున్నారు.

ఆ గంట అంకె రాయడానికి పండగ పూట ఎవరు రావాలి? నేను చేరిన ఏడే పురుషోత్తం గారు తేల్చేశారు. "నీకు దీపావళి ల్యాదు గదమ్మా. నువ్వుంటే మా వాళ్ళంతా ఇండ్లల్లో పండగ చేసుకుంటారు." అంతే. పది దీపావళులు నేనే వెళ్ళాను. చిక్కపేట అంతా దుకాణాల ముందు దీపాలు పెట్టుకుని టపాసులు కాలుస్తుంటే, రెండో అంతస్తులో నేనూ ఫోనూ. మర్నాడు కార్డులకు పసుపు పెట్టేదీ నేనే. వారం రోజులు గోళ్ళలో పసుపు వదిలేది కాదు. అత్తమ్మ ఆ చేతులు చూసి, మనకెందుకీ పూజ పసుపని సణిగేది.

మీరూ అదే మాట అన్నారు. మరిచిపోయారేమో, నేను మరవలేదు. "మనకేం పండగ కాదు కదా, పోయి రా" అన్నారు. పండగ మనది కాకపోయినా పిల్ల మనదే కదండీ. ఎదురింటి అంజినమ్మ హరిణికి కాకరపువ్వొత్తులు ఇచ్చి తన పిల్లలతో పాటు కాల్పించేది. "అమ్మా, ఈసారైనా నువ్వు చూస్తావా" అని ఏడేళ్ళప్పటి నుంచీ పిల్ల ఏటా అడిగేది. నేను ఇల్లు చేరేసరికి కాలిపోయిన తీగలు గడప దగ్గర వరసగా పెట్టి నిద్రపోయి ఉండేది. ఆ తీగలు లెక్కపెట్టి ఎన్ని కాల్చిందో తెలుసుకునేదాన్ని.

ఈ ఏడు యజమాని గారు దయ తలచారు. "మిషన్ వచ్చింది గదమ్మా, నువ్వు రావద్దులే" అన్నారు. పదకొండో దీపావళికి నేను ఇంట్లో ఉన్నాను. అంజినమ్మ ఎప్పటిలాగే ఒక పొట్లం తెచ్చిచ్చింది. "హరిణీ, రా కాలుద్దాం" అని పిలిచాను. పదిహేడేళ్ళ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "నాకు చదువుకునేది ఉండాదమ్మా, నువ్వు కాల్చుకో" అంది. దాని తప్పేముంది? నేనే ఒకటి వెలిగించి, అది ఆరిపోయేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అప్పుడు గడియారం చూశాను. ఆరున్నర. అక్కడ ముహూర్తం నడుస్తోంది.

పోయిన గురువారం మల్లేశ్వరం నుంచి ఒక పాత ఖాతాదారు ఫోన్ చేశాడు. "ఏమప్పా పురుషోత్తం, ముహూర్తం రోజు సూచీ ఒక్క పైసా గూడా కదలలేదా? నీ కార్డు మీద ముందురోజు అంకెనే ఉండాదే" అని నవ్వాడట. చూస్తే నిజమే. సెలవు రోజున గ్రాఫు గీత తెగకుండా ఉండాలని, టూల్ ముందురోజు అంకెలనే మళ్ళీ వేసుకుంటుంది. దానికి దీపావళి సెలవు రోజు. ప్రెస్సువాళ్ళు అదే అచ్చేశారు. ఈసారి పసుపు కూడా ప్రెస్సులోనే అచ్చేయించారు కాబట్టి ఎవరి చేతుల్లోనూ పడలేదు, ఎవరి కంటా పడలేదని అందరూ అనుకున్నారు. నాలుగు వందల ఇళ్ళలో దేవుడి పటం దగ్గర తప్పుడు అంకె.

పురుషోత్తం గారు రియాజ్‌ను పిలిపించారు. రంజాన్ నెల, వాడు పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆఫీసులో అందరి ముందూ నిలబెట్టి అడిగారు. వాడు, "సెలవుల లిస్టులో ఉండాది సార్, అందుకే రన్ కాలేదు" అన్నాడు.

"లిస్టులో ఉంటే? దీపావళి పొద్దు ముహూర్తం ఉంటాదని ఈ దేశంలో చిన్నపిల్లోనికి గూడా తెలుసు" అన్నారు ఆయన. తర్వాత గొంతు తగ్గించారు. అరిచినా బాగుండేది. "నీ తప్పు కాదులేప్పా. మా పండగ సంగతి మీకేం తెలుస్తాది? తెలిసినోన్ని పెట్టుకోకపోవడం నా తప్పు."

రియాజ్ ఒక్కసారి నా వైపు చూశాడు.

ఆయన అక్కడే వాడి కంపెనీకి ఫోన్ చేసి, ఈ మనిషి మాకు వద్దు, ఇతని పని మీద మాకు నమ్మకం పోయింది అని చెప్పేశారు. వాడు ఆ కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇది వాడు సొంతంగా చేసిన మొదటి పని. ఇలాంటి మాట పడ్డవాణ్ణి వాళ్ళు ఉంచుకోరు. ఫోన్ పెట్టేసి నా దగ్గరకొచ్చి, "మార్తమ్మా, నువ్వే మేలు తల్లీ. పదకొండేండ్లలో ఒక్క తప్పు ల్యాదు. జనవరి ల్యాదు గినవరి ల్యాదు, నీ రిజిస్టరు తీయి" అన్నారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. నా కుర్చీ నాకు వచ్చేసింది.

ఇప్పుడు మీరు సంతోషిస్తున్నారని తెలుసు. "చూశావా, సర్దుకుపోతే అన్నీ అవే సర్దుకుంటాయి" అని జవాబు రాయబోతున్నారు. ఆగండి. ఇంతసేపూ ఆయన మీద, మీ మీద కోపం రాశాను. అది అబద్ధం కాదు. కానీ అసలు కోపం ఎవరి మీదో ఇంకా రాయలేదు.

ఆ సెలవుల లిస్టు రియాజ్‌కు ఇచ్చింది నేనే. సెప్టెంబరులో తొమ్మిదో పేజీ రాస్తున్నప్పుడు వాడు నా బల్ల పక్కన నిలబడి అడిగాడు. "అక్కా, ఈ సెలవుల్లో ఏ రోజన్నా మార్కెట్ ఓపెన్ ఉంటాదా? కొంచెంసేపైనా?" సరిగ్గా అడగాల్సిన ప్రశ్న, అడగాల్సిన మనిషినే అడిగాడు. పది దీపావళులు ఆ గదిలో కూర్చున్నదాన్ని నేను.

"సెలవంటే సెలవే రియాజ్" అన్నాను.

మరిచిపోయి అనలేదు. ఆ క్షణంలో నాకు ఆ గదీ, ఆ ఫోనూ, గోళ్ళలో పసుపూ, గడప దగ్గర తీగలూ అన్నీ గుర్తున్నాయి. అంతా రాసిచ్చి పొమ్మన్నారు కదా, ఇదొక్కటి నా దగ్గరే ఉండనీ అనుకున్నాను. వీళ్ళ మిషన్ దీపావళి నాడు బోర్లా పడాలి, అప్పుడు మార్తమ్మ గుర్తుకు రావాలి అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆయన మీద కోపం రియాజ్ మీద పడుతుందని నాకు తోచలేదు. తోచలేదని రాస్తున్నాను గానీ, తోచనివ్వలేదేమో.

ఇంకా ఉంది. పండగ వెళ్ళిన మూడో రోజు కార్డుల కట్టలు ప్రెస్సు నుంచి వచ్చాయి. అంకె చూడగానే తప్పని తెలిసింది. అప్పుడైనా నోరు విప్పితే కార్డులు ఆగేవి, ఎవరి పరువూ పోయేది కాదు. కూర్చుని నాలుగు వందల కవర్లకూ నా చేత్తో స్టాంపులు అంటించాను.

గురువారం నుంచి నాకు అన్నం సయించడం లేదు. పురుషోత్తం గారు వాడితో అన్న మాట, పది దీపావళులుగా నాతో అంటున్న మాటే. నీకు పండగ లేదు కదా అని నన్ను రమ్మన్నారు, నీకు పండగ తెలీదు కదా అని వాణ్ణి పొమ్మన్నారు. ఆ మాట ఎంత మండుతుందో ఆ ఆఫీసులో నాకొక్కదానికే తెలుసు. తెలిసిన నేనే వాడికి ఆ మాట పడేలా చేశాను. అందుకే ఈ కోపం. ఎంత కడిగినా పోవడం లేదు.

నిన్న శనివారం పురుషోత్తం గారు బంధువుల ఫ్యాక్టరీ ప్రారంభమని అత్తిబెలె వెళ్ళారు. మధ్యాహ్నం రియాజ్ తన ఫ్లాపీలు తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పటికే తొమ్మిదో పేజీ కొత్తగా టైపు చేసి ఉంచాను. వాడి చేతిలో పెట్టాను. నిలబడే చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు రియాజ్? నన్ను అడిగానని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా" అన్నాను.

"మీరు మరిచిపోయినారు అనుకుంటినక్కా" అన్నాడు. "ఇంత పని మీద ఉండారు, మరిచిపోయింటారు, మీ ఉద్యోగం పోతాదని చెప్పలేదు."

వాడు ఆ కాగితం నా బల్ల మీద పెట్టేశాడు. "ఇది నాకెందుకక్కా? ఆయనకియ్యండి" అని ఫ్లాపీలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పోయొస్తానని చెప్పలేదు. వాణ్ణి తప్పు పట్టను.

ఆ పేజీ పురుషోత్తం గారి బల్ల మీద, ఆయన రోజూ పొద్దున దణ్ణం పెట్టుకునే చిన్న లక్ష్మీదేవి బొమ్మ ముందు పెట్టాను. రియాజ్ కంపెనీకి ఒక కాపీ పోస్టులో వేశాను. ఆఫీసుకు తాళం వేసి, తాళంచెవి కింది అంతస్తు బట్టల కొట్టులో ఇచ్చేశాను. ఈ రోజు ఆదివారం, కొట్టు మూత. రేపు పొద్దున తాళంచెవి ఆయనే తీసుకుంటారు. నాకు మనసు మారినా ఇక ఆ కాగితం నా చేతికి రాదు. కావాలనే అలా చేశాను, నా సంగతి నాకు తెలుసు కాబట్టి.

ఈ ఉత్తరం మీకు అందేసరికి నాకు ఉద్యోగం ఉండదు. అత్తమ్మతో చెప్పాను. "చేసిన పాపం చెప్తే పోతాదంట, చెప్పేసినావు గదా, అన్నం తిను" అంది. మీరు ఏం రాసినా రాయండి, సర్దుకుపో అని మాత్రం రాయకండి. నేను పది దీపావళులు సర్దుకుపోయాను. దాని ఫలితం చూస్తున్నారు కదా.

అందులో ఏం రాశానో మీకూ తెలియాలి. ఆఫీసు కాగితం కాబట్టి ఇంగ్లీషులో రాశాను, మీకు తెలుగులో రాస్తున్నాను.

"పేజీ 9. సెలవు రోజులు. సెలవు రోజున టూల్ నడవదు, ముందురోజు అంకెలను ఉంచుతుంది. దీపావళి రోజు మాత్రం సాయంత్రం ఒక గంట మార్కెట్ తెరుస్తారు. ఈ సంగతి టూల్ రాసిన రియాజ్ నన్ను అడిగాడు. నాకు తెలిసి కూడా, లేదని అబద్ధం చెప్పాను. తప్పు నాది, అతనిది కాదు. ఇకమీదట దీపావళి నాడు ఆ గంట ముగిశాక ఒక మనిషి ఆఫీసుకు వచ్చి టూల్‌ను చేత్తో నడపాలి. ఆ మనిషిని ఎంచుకునే ముందు, ఆ సాయంత్రం ఇంట్లో తన కోసం ఎవరైనా ఎదురుచూస్తారా అని అడగాలి."

ఇట్లు,
కోపం ఇంకా చల్లారని మీ భార్య,
మార్త.